పంపు గదిలో గిటారు

గిటారు బీరువా మీదికెక్కి కూర్చుంది. దాన్ని దుప్పట్లో చుట్టి అక్కడికెక్కించిన పిల్లేమో వంటింటి కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటోంది. లేచిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు కడిగిందో ఆ సబ్బుబిళ్ళకే తెలియాలి.

"ఆ చేతుల్ని అరగదీస్తే ఏమొస్తుందే తూనీగా?" అంది తల్లి.

తల్లి ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే ఇంట్లో అడుగుపెట్టింది. భుజానికి సంచీ ఇంకా వేలాడుతూనే ఉంది. వీధిలో అందరికీ ఆవిడ నర్సమ్మ. ఒక్కచోట కుదురుగా నిలవదని కూతురికి తూనీగ అని ముద్దుపేరు పెట్టిందీ ఆవిడే. ఆ తూనీగ ఇవాళ కుళాయి ముందు మేకు కొట్టినట్టు నిలబడిపోయింది.

"సబ్బుతో పోయేదైతే బాగుండేది," అంది తూనీగ వెనక్కి తిరక్కుండానే. "నా చెమటలోనే ఆసిడ్ ఉందట. షాపాయన అన్నాడుగా."

"అతనేదో కోపంలో అన్నాడు. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? పాత సరుకు అంటగట్టావని నలుగురిలో అతని పరువు తీసి వచ్చావు."

"తీశాను. తీసి ఇంటికొచ్చాక తీరిగ్గా చూసుకున్నాను. కొని నిండా నాలుగు నెలలు కాలేదమ్మా. చెక్కకేం కాలేదు, రంగుకేం కాలేదు. లోహం ఎక్కడుందో అక్కడే పోయింది. బ్రిడ్జి మీద పూత పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. దాని మరలు పచ్చగా చిలుం పట్టాయి. నా అరచెయ్యి ఆనేది సరిగ్గా అక్కడే. ఇంకేం రుజువు కావాలి?"

బ్రిడ్జంటే గిటారు పొట్ట మీద తీగలు ఆనుకునే లోహపు పలక. కొత్తలో అద్దంలా మెరిసేది. తూనీగ అందులో ముఖం చూసుకుని జుట్టు సర్దుకుందని అప్పట్లో ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు.

"ఆదివారం టౌన్ హాల్లో మీ బృందం వాయించాలి కదే?"

"వాళ్ళు వాయిస్తారు. డ్రమ్స్ వాయించేదానికి సాయంత్రం ఫోన్ చేసి చెప్పేస్తా, ఇంకెవర్నన్నా చూసుకోమని. నేను మానేశానమ్మా."

ఏడ్చి, అరిచి, గిన్నెలు విసిరి ఉంటే నర్సమ్మ ఇంతగా బెదిరేది కాదు. ఆ పిల్ల ఆ మాటను బస్సు టికెట్టు అడిగినంత మామూలుగా అంది.

"ఏమండీ, మీరైనా నోరు విప్పరేం?" అంటూ ఆవిడ భర్త మీదికి తిరిగింది.

భర్త బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. తాగుతున్నాడని అనడమే గాని, కప్పు ఖాళీ అయి చాలాసేపయింది. నగరపాలక సంస్థవారి ఈతకొలనులో నీళ్ళు శుభ్రం చేసే పని అతనిది. అందుకే అతన్ని కొలనాయన అంటారు. మాటల పోగు కాకపోయినా మరీ మూగనోము పట్టే మనిషి కాదు. గిటారు ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం నోటికి తాళం పడిపోతుంది.

దానికి కారణం ఉంది. తూనీగ డ్రమ్స్ అమ్మాయి ఇంట్లో సాధన చేస్తోందని నర్సమ్మతో చెప్పారు తండ్రీ కూతుళ్ళు. అది శుద్ధ అబద్ధం. ఆ ఇంట్లో డ్రమ్స్ పట్టడమే గగనం. నర్సమ్మ పగలంతా నిద్రపోవాలి గనక సొంతింట్లో చప్పుడు చెయ్యడానికి లేదు. కూతురు బిక్కమొహం వేసుకుని తిరుగుతుంటే చూడలేక, కొలనాయన తన పంపు గదిలో ఒక మూల ఖాళీ చేసి ఇచ్చాడు. గిటారు, దాని స్పీకరు పెట్టె, రెండూ అక్కడే ఉండేవి. అమ్మకు తెలిస్తే ఊరుకోదని ఇద్దరూ అనుకున్నారు. అనుకున్నారే గాని, ఎందుకు ఊరుకోదో ఎవరూ ఆలోచించలేదు.

"నేనేం చెప్పను?" అన్నాడు కొలనాయన. "చిన్నపిల్లా అది?"

"బాగుంది. చిన్నపిల్ల కాదు గనక ఎలా పోతే అలా పోనీ అంటారు."

నర్సమ్మ సంచీ కుర్చీలో పడేసి స్నానానికి వెళ్ళిపోయింది. తూనీగ చేతులు తుడుచుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వంటింట్లో కొలనాయనా, ఖాళీ కప్పూ మిగిలారు.

అతను పిల్లిలా నడిచి వెళ్ళి స్టూలెక్కాడు. దుప్పటి కొస తొలగించి చూశాడు. కూతురు చెప్పింది నిజమే. బ్రిడ్జి గజ్జి పట్టినట్టుంది. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటింది. గిటారుని కాస్త పక్కకు ఒరిగించాడు. వెనక వైపు ఒక ప్లాస్టిక్ పలక, దానికి నాలుగు మూలలా చిన్న మరలు. వాటికీ అదే పచ్చ చిలుం.

ఆ పచ్చదనాన్ని ఎక్కడో చూశాడు. రోజూ చూస్తున్నాడు కూడా. ఎక్కడన్నది మాత్రం ఎంత తన్నుకున్నా తట్టలేదు.

*

తట్టింది పనిలో.

ఈతకొలను గేటు పక్కన టికెట్ల గది. అందులో ఒక బల్ల, దానికి ఒక సొరుగు. కొలనాయన రోజూ వచ్చీ రాగానే చేసే పని ఒకటుంది. చేతి వాచీ విప్పి ఆ సొరుగులో పెట్టడం. తర్వాతే పంపు గదిలో కాలు పెడతాడు. చెప్పులు విడిచినంత అలవాటు. దాని గురించి ఆలోచించే అవసరమే రాలేదు ఎన్నడూ.

ఆ రోజు సొరుగు తెరిచాడు. వాచీ పట్టీ విప్పాడు. విప్పిన చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

ఉద్యోగంలో చేరిన ఏడాదే అతని మొదటి వాచీ పోయింది. పంపు గదిలో ఆసిడ్ డబ్బాలు, క్లోరిన్ పొడి డబ్బాలు ఉంటాయి. మూతలు ఎంత బిగించినా వాటి ఊపిరి బయటికి వస్తూనే ఉంటుంది. మనిషికి ముక్కు కాస్త చురుక్కుమంటుందంతే. ఇనుముకి మాత్రం ఆయువు మూడుతుంది. తలుపు గొళ్ళెం, గోడ మేకులు, తాళంకప్ప, ఏదీ రెండు వానాకాలాలు చూడదు. వాచీ పచ్చబడి ఆగిపోయినప్పుడు నర్సమ్మ ఇంకోటి కొనిచ్చి, "దీన్ని ఆ గదిలోకి తీసుకెళ్ళారంటే ఊరుకోను," అంది. అప్పటినుంచీ వాచీకి సొరుగే కాపురం.

వాచీని కాపాడుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఒక్కరోజు మరిచిపోకుండా కాపాడుకున్నాడు. కూతురు కళ్ళల్లో పెట్టుకునే గిటారుని మాత్రం తన చేతులతో మోసుకెళ్ళి, ఆసిడ్ డబ్బాలకు పది అడుగుల దూరంలో గోడకు ఆనించి, "ఇక్కడ భద్రంగా ఉంటుందమ్మా," అన్నాడు.

 కొలనాయన టికెట్ల గదిలోనే కూలబడ్డాడు. పిల్ల తన చేతుల్ని తనే అసహ్యించుకుంటోంది. ఆ చేతులకు ఏ పాపమూ తెలియదు.

కాసేపటికి లేచి పంపు గదిలోకి వెళ్ళాడు. పంపు తన మానాన గురగురలాడుతోంది. తూనీగ కూర్చునే బోర్లించిన బాల్చీ ఆ మూలనే ఉంది. సాధన అయ్యాక అక్కడ కూర్చుని ఏదో కొత్త పాట కట్టుకునేది. ఇతను తలుపు తీసేసరికి ఆపేసేది. "ఇంకా అవలేదు నాన్నా, సగంలో ఇరుక్కుపోయాను," అనేది. తలుపు అవతల నిలబడి విన్నప్పుడు కూడా ఆ పాట ఒకే మలుపు దగ్గర ఆగిపోయేది. అక్కణ్ణించి అటూ కదిలేది కాదు, ఇటూ కదిలేది కాదు.

స్పీకరు పెట్టె ముందు గొంతుకూర్చుని దాని గుండీలు తడిమాడు. అవీ గరగరలాడుతున్నాయి.

ఇంటికెళ్ళి చెబితే నర్సమ్మకు తెలుస్తుంది. దాచిందంతా బయటపడుతుంది. ఇన్నాళ్ళూ తనను వెర్రిదాన్ని చేశారని ఆవిడ నిప్పులు కక్కుతుంది. గది పోతుంది, కూతురికి వాయించుకునే చోటు పోతుంది. చెప్పకపోతే సాయంత్రం ఒక ఫోన్ వెళ్తుంది, గిటారు బీరువా మీదే ముసలిదైపోతుంది. మధ్యేమార్గం ఉందా అని అతను బుర్ర గోక్కున్నాడు. ఒకటి తోచింది. భయపడ్డ మనిషికి తోచే మార్గమే అది. ఇంటికి కాకుండా ముందు షాపుకి వెళ్ళాడు.

*

గిటార్ల షాపాయన బల్ల మీద ఒక వయొలిన్‌ని పడుకోబెట్టి తీగ మారుస్తున్నాడు. కొలనాయన్ని చూడగానే ముఖం ముడుచుకున్నాడు.

"మీ అమ్మాయి అయిపోయింది, ఇప్పుడు మీరా? కానివ్వండి. దుకాణంలో ఎవరూ లేరు. పోవడానికి పరువు కూడా పెద్దగా మిగల్లేదు."

"తప్పు మీది కాదు సార్."

షాపాయన చేతిలో తీగ జారిపోయింది. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఆ మాట అతని చెవిన పడటం అదే మొదటిసారేమో.

కొలనాయన చెప్పుకొచ్చాడు. పంపు గది, ఆసిడ్ డబ్బాలు, వాచీ, సొరుగు, వెనక పలక మరలు. చెబుతుంటే తనకే సిగ్గేసింది. షాపాయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని కుర్చీ చూపించాడు.

"కూర్చోండి. ఆ గోడకున్న నల్ల గిటారు చూడండి. మీ అమ్మాయిది, అది, రెండూ ఒకే పెట్టెలో వచ్చాయి. మీ అమ్మాయి అరిచి వెళ్ళాక దాన్ని విప్పి మరీ చూశాను. నవనవలాడుతోంది. సరుకులో లోపం లేదు. చెమట చేతులవాళ్ళని కూడా బోలెడుమందిని చూశాను. వాళ్ళకు తీగలు త్వరగా నల్లబడతాయి, నిజమే. బ్రిడ్జి పాడవ్వాలంటే మాత్రం ఏళ్ళు పడుతుంది. అది నాకు తెలుసు. తెలిసీ నలుగురి ముందు నామర్దా అనిపించి నోటికొచ్చింది అనేశాను. వాయించే పిల్లతో, నీ చేతుల్లో ఆసిడ్ ఉందీ అని. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే ఆ పూట నాతో మాట్లాడలేదు."

"పిల్ల మానేస్తానంటోంది సార్."

"ఏమిటీ?" షాపాయన లేచి నిలబడ్డాడు. "ఆ పిల్లా? కొనేరోజు ఇక్కడ ఆ స్టూలు మీద కూర్చుని వాయిస్తుంటే, బేరమాడటం మీరూ మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను. గుర్తుందా?"

"మీరొచ్చి చెప్పండి సార్ దాంతో. గాలి పడలేదనో, తేమనో, ఏదో ఒకటి. పంపు గది మాట ఎత్తకుండా."

షాపాయన అతని వంక ఎగాదిగా చూశాడు.

"నేను చెబితే నమ్ముతుందా? సరుకు అమ్మినవాడు ఇప్పుడు మాట మార్చాడనుకుంటుంది. మీరు చెప్పాలి. ఉన్నదున్నట్టు. దుకాణం కట్టేశాక వస్తాను, బ్రిడ్జీ అవీ ఏం పనికొస్తాయో చూస్తాను. నా వంతు మాట కూడా ఒకటి అప్పజెప్పాల్సి ఉంది. నేను వచ్చేలోగా మీ వంతు కానివ్వండి."

*

నర్సమ్మ నిద్రలేచి ముందు గదిలో జుట్టు ముడేసుకుంటోంది. తూనీగ కిటికీ దగ్గర ఫోను పట్టుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడు కొలనాయన స్పీకరు పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని, మోకాలితో తలుపు నెట్టుకుంటూ లోపలికి వచ్చాడు.

తూనీగ నోరు తెరిచింది. మూసింది.

"అదేమిటండీ?" అంది నర్సమ్మ.

"స్పీకరు."

"కళ్ళున్నాయి నాకు. డ్రమ్స్ పిల్ల ఇంట్లో ఉండాల్సింది మీ చేతుల్లో ఎందుకుందీ అని."

కొలనాయన పెట్టెను నేల మీద దించాడు. దించి నడుం నిమురుకున్నాడు. ఇక నిమరడానికి ఏమీ లేకపోవడంతో కూతురి వైపు తిరిగాడు.

"తూనీ, ఆ ఫోను పెట్టెయ్. నీ చేతులకేం లేదమ్మా. గిటారుని తినేసింది పంపు గది. నా ఆసిడ్ డబ్బాలు."

 నర్సమ్మ ముడి వేస్తున్న చేతులు మెడ మీదే ఉండిపోయాయి.

"నువ్వు నన్ను ఓదార్చడానికి అంటున్నావు," అంది తూనీగ.

"కాదు. బీరువా మీంచి దింపి వెనక్కి తిప్పి చూడు. వెనక పలకకి మరలున్నాయే, వాటికి నీ చెయ్యి ఆనుతుందా ఎప్పుడన్నా? వాటికీ అదే చిలుం. మా గది గొళ్ళేనికీ అదే, మా తాళంకప్పకీ అదే. నాకు ముందే తట్టాల్సింది. తట్టలేదు."

తూనీగ కదల్లేదు. తండ్రి ఎడమ చేతి వంక చూస్తోంది.

"మరి నీ వాచీకేం కాలేదేం నాన్నా? నువ్వు రోజంతా ఆ గదిలోనే కదా ఉంటావు?"

దారి పొడుగునా కొలనాయన భయపడుతూ వచ్చింది ఈ ప్రశ్నకే. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"వాచీ తీసి సొరుగులో పెట్టి వెళ్తాను."

"రోజూనా?"

"రోజూ."

తూనీగ ముఖం ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "వాచీ గుర్తుంది," అంది. అంతే అంది. ఆ రెండు మాటలకీ కొలనాయనకి తల కొట్టేసినట్టయింది. 

అప్పుడు నర్సమ్మ అందుకుంది.

"గిటారు సంగతి తర్వాత. పిల్లని తీసుకెళ్ళి ఆసిడ్ డబ్బాల మధ్య కూర్చోబెడతారా? ఇనుముని తినే గాలి ఊపిరితిత్తుల్ని వదిలిపెడుతుందా? మీకసలు బుద్ధుందా?"

"కిటికీ తీసే ఉంచేవాణ్ణే. గాలి లాగే ఫ్యానుంది. ఇంతకాలంగా నాకేం కాలేదు కదా."

"మీకేం కాలేదని ఎవరన్నారు? పొద్దున్నే మీ దగ్గు వినేది నేను. రేపు మా ఆస్పత్రికి ఇద్దరూ వచ్చి పరీక్ష చేయించుకోండి. రాకపోతే ఈడ్చుకెళ్తాను."

"అమ్మా, నాన్నని అనకు. నేనే అడిగాను," అంది తూనీగ. ఒక్క నిమిషం కిందట తండ్రిని కళ్ళతో కాల్చేసిన పిల్ల ఇప్పుడు అతనికి అడ్డం వచ్చి నిలబడింది. "ఇంట్లో వాయిస్తే నీకు నిద్ర చెడుతుందని. నీకు తెలిస్తే బాధపడతావని."

"నాకు తెలియదని ఎవరు చెప్పారు?"

తండ్రీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారిద్దరూ.

"నీ జుట్టు వాసన చూసే తెలుసుకున్నాను," అంది నర్సమ్మ. "మా వార్డులో నేల కడిగేది ఆ క్లోరిన్‌తోనే. ఆ వాసన నిద్రలో కూడా గుర్తుపడతాను. జుట్టేమో తడవదు, వాసనేమో కొలనుది. మొదట నాతో చెప్పకుండా ఈత నేర్చుకుంటోందనుకున్నాను. పోనీ మంచిదే అనుకున్నాను. సెలవు రోజున మీకు అన్నం డబ్బా కట్టుకుని అక్కడికి వచ్చాను. గోడ బయటికి గిటారు వినిపించింది. టికెట్ల గదిలోననుకున్నాను, ఆసిడ్ గదిలోనని నాకేం తెలుసు?"

"లోపలికి రాలేదేం?" అన్నాడు కొలనాయన.

"ఎలా వస్తాను? నాకు చెప్పకూడదనుకున్నారు కదా మీరిద్దరూ." ఆవిడ ముడి బిగించి చేతులు దించింది. "గోడకి ఆనుకుని నిలబడి విన్నాను. డబ్బా చల్లారిపోయింది. వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు వచ్చాను. ఈ ఇంట్లో నేను నిద్రపోయే మనిషిని మాత్రమేనా? నా నిద్ర కోసం మీరిద్దరూ పిల్లి అడుగులు వేసుకుంటూ, గుసగుసలాడుకుంటూ తిరుగుతుంటారు. ఆ అడుగులకే నాకు మెలకువ వచ్చేస్తుంది, తెలుసా? వార్డులో ట్రాలీలు దడదడలాడుతుంటే కుర్చీలో కునుకు తీస్తాను. ఇంట్లో ఈ నిశ్శబ్దానికి దిగ్గున లేచి కూర్చుంటాను, ఏమైందో ఏమోనని."

 కొలనాయనకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఎన్నాళ్ళబట్టో తలుపు బందులకు నూనె రాస్తూ వచ్చాడు ఈవిడ నిద్ర కోసం.

నర్సమ్మ స్టూలు లాక్కుని తనే బీరువా మీంచి గిటారు దింపింది. దుప్పటి విప్పింది. వెనక్కి తిప్పి ఆ నాలుగు మరల వంకా చూసి, రోగి నాలుక చూసినట్టు తల పంకించింది. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని అరచెయ్యి తెరిచి చూసింది. సబ్బుకి చర్మం పొడిబారి పగిలి ఉంది. వేళ్ళ కొసల్లో తీగలు చేసిన కాయలు గట్టిగా ఉన్నాయి.

"బంగారం లాంటి చేతులు," అంది. "ఇదిగో, వాయించు. ఇక్కడే. నేను లేచే ఉన్నాను."

"తీగ గుచ్చే జాక్ కూడా తుప్పు పట్టింది అమ్మా. గరగరమంటుంది."

"అంటే అననీ."

తూనీగ తండ్రి వంక చూసింది. కోపం పూర్తిగా పోలేదు ఆ చూపులో. కాని, స్పీకరు తీగ అందించమని చెయ్యి చాచింది. అతనికి అది చాలు. పరిగెత్తినట్టే వెళ్ళి ప్లగ్గు పెట్టాడు.

మొదట ఒట్టి గరగర. జాక్‌ని అటూ ఇటూ తిప్పితే చటుక్కున గొంతు వచ్చింది. గది నిండింది. ఆదివారం బృందంతో కలిసి వాయించాల్సిన పాట అది. ఉత్సాహమైన పాటే. అక్కడక్కడా చిటపటలు తప్ప ఏ లోపమూ లేదు. చిలుం పట్టిన బ్రిడ్జి మీద ఆమె అరచెయ్యి ఆనింది. ఒక్క క్షణం భయపడి లేచింది. మళ్ళీ ఆనింది. ఈసారి అక్కడే ఉండిపోయింది.

నర్సమ్మ వాలుకుర్చీలో వెనక్కి చేరగిలి వింటోంది. రెండో పాటకి కళ్ళు మూసుకుంది. మూడో పాట మొదలయ్యేసరికి తల పక్కకి వాలింది. ఊపిరి నిదానంగా, బరువుగా వస్తోంది. డ్యూటీకి వెళ్ళడానికి ఇంకా పొద్దుంది. ముఖంలో ఎప్పుడూ ఉండే ముడి విడిపోయి, ఆవిడ పెళ్ళినాటి మనిషిలా కనిపించింది కొలనాయనకి.

"నాన్నా, అమ్మ పడుకుంది," అంది తూనీగ పెదవులు మాత్రమే కదుపుతూ. "ఆపెయ్యనా?"

"ఆపకు," అని గుసగుసలాడాడు అతను. "ఆపితే లేస్తుంది."

తూనీగ ముఖంలోకి అప్పటికి నవ్వు వచ్చింది.

ఓరగా వేసిన తలుపు ఇంకాస్త తెరుచుకుంది. చేతిలో పనిముట్ల సంచీతో షాపాయన. లోపలి దృశ్యం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నిద్రపోతున్న తల్లిని చూశాడు, వాయిస్తున్న పిల్లని చూశాడు, పెదవి మీద వేలుంచుకున్న తండ్రిని చూశాడు. తూనీగ అతన్ని చూడగానే బిక్కచచ్చిపోయింది. నలుగురిలో తను అంతేసి మాటలన్న మనిషి ఎదురుగా నిలబడ్డాడు. క్షమించమని అడుగుదామంటే నోరు తెరవడానికి లేదు, లేచి నిలబడదామంటే చేతులు ఖాళీ లేవు. వాయిస్తూనే తల వంచింది. షాపాయన కూడా సంచీని గుండెకు హత్తుకుని అంతకన్నా కిందికి తల వంచాడు. మాటలు తర్వాత చూసుకోవచ్చన్నట్టు గోడకి ఆనుకున్నాడు.

చిక్కంతా ఇప్పుడు వచ్చిపడింది. మూడో పాట అయిపోవచ్చింది. ఆదివారానికి వాళ్ళు నేర్చుకున్నవి మూడే.

తూనీగ కంగారుగా తండ్రిని చూసింది. అతను చేత్తో కానివ్వు అన్నట్టు సైగ చేశాడు. చివరి చరణం మోగింది. తీగలు ఇంకా కంపిస్తుండగానే, మరో దారి లేక, ఆ పిల్ల తను కట్టుకుంటున్న పాట అందుకుంది. డ్రమ్స్ అమ్మాయి కూడా వినని పాట. తలుపు తీస్తే ఆగిపోయే పాట.

ఇలా మొదటినుంచి వినడం కొలనాయనకు ఇదే మొదలు. పాట నెమ్మదిగా నడిచింది. గదిలో అటూ ఇటూ తిరిగింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. తర్వాత ఆ మలుపు దగ్గరికి వస్తోందని అతనికి తెలిసిపోయింది. ముందుకు వంగాడు. గోడ దగ్గర షాపాయన కూడా, ఏమీ తెలియకపోయినా, తల కాస్త ముందుకు చాచాడు.

తూనీగ అక్కడికి వచ్చింది. వేళ్ళు తీగల మీద తడబడ్డాయి. ఆగిపోయాయి.

స్పీకరు సన్నగా గరగరలాడింది. గదిలో మరే చప్పుడూ లేదు. ఇద్దరు మగవాళ్ళూ కుర్చీ వైపు చూశారు.

నర్సమ్మ కళ్ళు తెరవలేదు. తల కూడా కదపలేదు.

"ఊఁ," అంది. "తర్వాత?"